ఆయిల్ ఇంజను పక్కన జనరేటరును ఎక్కడ నిలపాలి?

కిందటి వేసవిలో మా తమ్ముడు ఊరి నుంచి ఒక కాగితం పంపాడు. గళ్ల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. దాని మీద ఒక చిన్న షెడ్డు, దాని మధ్య ఆయిల్ ఇంజను, ఇంజనుకూ తలుపుకూ నడుమ జనరేటరు, రెంటినీ కలుపుతూ రెండు గీతలుగా బెల్టు. అడుగున ఒక్క వాక్యం: "అన్నయ్యా, సోమవారం సిమెంటు పోయిస్తున్నాం, ఒకసారి చూసి చెప్పు."

మా ఊరు సముద్రానికి దగ్గర. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను కళ్లారా చూసిన తరం వారు అక్కడ ఇంకా ఉన్నారు. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఊరు ఊరంతా ఉన్నత పాఠశాల మేడ మీదికి చేరుతుంది. కరెంటు మొట్టమొదట పోతుంది, అందరికన్నా ఆలస్యంగా తిరిగి వస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నం వంటి మహానగరమే రోజుల తరబడి చీకటిలో ఉన్నదంటే మా వంటి పల్లెల మాట చెప్పనక్కరలేదు. అందుచేత ఆ బడిలో చదివి దేశదేశాలలో స్థిరపడిన మేము కొందరం తలా కొంత వేసుకొని ఒక జనరేటరు కొన్నాము. దానిని తిప్పడానికి మా మూతబడిన బియ్యం మిల్లులోని పాత ఇంజనును ఇస్తామని తమ్ముడు మాట ఇచ్చాడు.

ఇంజనునూ జనరేటరునూ ఒకే ఇరుసు మీద సూటిగా కలిపి అమ్మే సెట్లు నేడు ప్రతి పట్టణంలోనూ దొరుకుతున్నాయి. వాటిలో బెల్టు అనేదే ఉండదు. డబ్బు పెట్టగలిగిన వారు అవే కొనడం మంచిదని ముందుగానే చెప్పడం నా ధర్మం. కాని పాత ఇంజను ఊరికే పడి ఉన్నచోట బెల్టు జనరేటరు వైపు మనసు పోవడం సహజం. మన పాఠకులలో ఎందరో స్వగ్రామంలో ఇటువంటి ఏర్పాట్లకు చేయూత ఇస్తున్నవారే. డబ్బు పంపేటప్పుడు ఆ యంత్రాన్ని ఎక్కడ, ఎటు ముఖంగా నిలుపుతున్నారని కూడా అడిగి తెలుసుకుంటారన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన మిల్లులలోనూ, చెరకు గానుగల దగ్గరా, బావుల గట్ల మీదా దశాబ్దాల తరబడి దడదడలాడిన ఆ నిదాన ఇంజనుల మూలపురుషుడు ఇంగ్లండులోని డర్స్లీ పట్టణంలో తయారైన లిస్టరు ఇంజను. ఒకే సిలిండరు, ఇరుపక్కలా రెండు పెద్ద బరువు చక్రాలు, నిమిషానికి 650 చుట్లు, ఆరు గుర్రాల శక్తి. అక్కడ తయారీ నిలిచిపోయినా గుజరాతులోని రాజ్‌కోటలో దాని పోలికవి పుట్టుకొస్తూనే వచ్చాయి. మా మిల్లు ఇంజను ఆ కోవకు చెందినదే. నిమిషానికి 650 చుట్లంటే వినడానికి నింపాదిగానే ఉంటుంది. చక్రపు ఆకులను కంటితో లెక్కపెట్టవచ్చునేమో అనిపిస్తుంది. ఆ నింపాదితనమే మనిషిని మోసగిస్తుంది.

చిన్న లెక్క వేసి చూద్దాం. చక్రం అడ్డుకొలత 24 అంగుళాలు అనుకుందాం. ఒక్క చుట్టుకు దాని అంచు 1.9 మీటర్లకు పైగా కదులుతుంది. నిమిషానికి 650 చుట్లంటే సెకనుకు ఇరవై మీటర్లకు పైమాట, అంటే గంటకు 75 కిలోమీటర్ల వేగం. ఆ అంచు మీద పరుగెత్తే బెల్టు వేగమూ అంతే. ఏదో తగిలిందని మనిషి గ్రహించి చేయి వెనక్కు లాక్కోవడానికి సెకనులో అయిదో వంతు పడుతుందనుకుంటే, ఆ లోపల బెల్టు నాలుగు మీటర్లు సాగిపోతుంది. ఉత్తరీయం పొడవు అంతకన్నా తక్కువే.

బెల్టు లాగే బలం మాత్రం పెద్దదేమీ కాదు. ఆరు గుర్రాల శక్తిని ఆ వేగంతో భాగిస్తే సగటున సుమారు 22 కిలోల లాగుడు తేలుతుంది. బలిష్ఠుడైన మనిషి ఆపగలిగేదే గదా అనిపిస్తుంది. కాని మనిషి తలపడేది ఇంజనుతో కాదు, చక్రాలతో. రెండు చక్రాల అంచులలోనూ చెరొక వంద కిలోల ఇనుము ఉండి, అది సగటున సెకనుకు 19 మీటర్ల వేగంతో తిరుగుతున్నదనుకుందాం. ఆ చక్రాలలో నిలువ ఉన్న శక్తి ఒక టన్ను బరువు గల కారును మూడున్నర మీటర్ల ఎత్తుకు, అంటే ఒక అంతస్తు మీదికి, లేపడానికి చాలుతుంది. ఇంజనుకు నూనె ఆపివేసినా ఆ శక్తి అంతా ఖర్చయ్యే దాకా చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఈ సంగతి నాకు పుస్తకాలలో చదవక ముందే తెలుసు. నా ఎనిమిదో ఏట మా మిల్లులో ఇంజను నడిపే ఆయన, మేము పిల్లలం 'డ్రైవరు మావయ్య' అని పిలిచేవాళ్లం, తిరుగుతున్న బెల్టు జారుతున్నదని దాని లోపలి ముఖానికి గుగ్గిలం పొడి రాయబోయాడు. అప్పట్లో అందరూ చేసే పనే. బెల్టు చుట్టూ ఉండవలసిన చెక్క కంచెను పది రోజుల ముందు బెల్టు బిగించడానికి ఊడదీసి గోడకు ఆనించారు. తిరిగి బిగించలేదు. మోచేతి కింద నుంచి ఆయన కుడిచేయి పోయింది. ఆ మిల్లు మాది. ఆ కంచెను గోడకు ఆనించి ఉంచినదీ మావారే. మా నాన్నగారు ఆ రోజు గురించి తుదివరకూ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇక తమ్ముడి కాగితానికి వస్తాను. అందులో నాకు మొదట కనబడిన తప్పు తలుపు. ఇంజను చక్రం, బెల్టు, జనరేటరు పుల్లీ మూడూ ఒకే తలంలో ఉంటాయి. నిలబెట్టిన పలక అంచున గీసిన గీత వలె. ఆ గీతను రెండు వైపులా గోడల దాకా పొడిగించి చూడాలి. బెల్టు తెగితే దాని కొస కొరడాలాగా ఆ గీత వెంబడే విసురుకొస్తుంది. పాత చక్రంలో పగులు ఉండి, గవర్నరు చెడి ఇంజను హద్దుమీరి తిరిగితే ఇనుప ముక్కలు కూడా ఆ తలంలోనే ఎగిరివస్తాయి. వేగం రెట్టింపైతే చక్రపు అంచులోని ఒత్తిడి నాలుగింతలు అవుతుంది గనుక పోత ఇనుము విషయంలో ఇది ఉత్త భయం కాదు. కనుక ఆ గీత మీద తలుపు ఉండరాదు, స్విచ్చుల బోర్డు ఉండరాదు, నూనె పీపా ఉండరాదు, మనిషి నిలబడే చోటు అసలే ఉండరాదు. మా కాగితంలో ఆ గీత తిన్నగా గుమ్మం మధ్యగా బయటికి పోయి బడి ఆవరణలో తేలింది.

రెండవది, తలుపు నుంచి ఇంజనును ఆపే మీట దగ్గరకు పోవాలంటే బెల్టు దాటవలసి వస్తున్నది. పెట్రోలు బండి వలె డీజిలు ఇంజను తాళం తిప్పగానే ఆగదు. నూనె పంపును మూయాలి. ఏదైనా అనర్థం జరిగిన క్షణంలో పరుగున వచ్చే మనిషి చూపు మీట మీద ఉంటుందే గాని కాళ్ల దగ్గర ఉండదు. పాత మిల్లులలో పొడవాటి బెల్టుల మీదుగా దాటుకుంటూ తిరిగేవారిని నేను చూశాను. నా అభిప్రాయంలో అన్నింటికన్నా చెడ్డ దూరం అదే, మనిషి దాటగలననుకునేంత దూరం. ఇంజనుకూ జనరేటరుకూ నడుమ మనిషి దూరే సందే లేకుండా దగ్గరగా నిలిపి మొత్తాన్ని ఒకే పంజరంలో మూసివేయడం ఉత్తమం.

మరి ఎంత దగ్గరగా? ఇక్కడ రేఖాగణితం అడ్డువస్తుంది. మన దేశపు విద్యుత్తుకు సెకనుకు 50 ఆవర్తనాలు కావాలి. నాలుగు ధ్రువాల జనరేటరు అందుకు నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. (అమెరికాలోనూ సౌదీ అరేబియాలోనూ 60 ఆవర్తనాలు గనుక అదే యంత్రం 1800 చుట్లు తిరగాలి, అక్కడి నుంచి మోటార్లు పంపదలచినవారు ఈ భేదం మరువరాదు.) 650 చుట్ల ఇంజను 24 అంగుళాల చక్రంతో 1500 చుట్లు తిప్పాలంటే జనరేటరు పుల్లీ 10.4 అంగుళాలు ఉండాలి. బెల్టు కాస్త జారుతుంది గనుక పదింబావు అంగుళాలు తీసుకుంటే సరిపోతుంది. ఇప్పుడు రెండు ఇరుసుల మధ్య దూరం 20 అంగుళాలే ఉంచితే చిన్న పుల్లీని బెల్టు 140 డిగ్రీల మేర మాత్రమే కౌగిలించుకుంటుంది. 36 అంగుళాలు ఉంచితే 158 డిగ్రీలు. 60 అంగుళాలకు పోయినా 167 డిగ్రీలే. పట్టు తగ్గితే బెల్టును అధికంగా బిగించవలసి వస్తుంది. బిగించిన కొద్దీ బేరింగుల మీద భారం పెరుగుతుంది. మరీ దూరమైతే బెల్టు పాములా అల్లాడుతుంది. మేము 36 అంగుళాల దగ్గర ఆగాము.

మూడవ సంగతిని మేస్త్రీలలో పెద్దవారు ఎరుగుదురు గాని, కొత్తగా పని చేసేవారు తరచు మరచిపోతారు. బెల్టుకు రెండు వరుసలు ఉంటాయి, ఒకటి బిగువైనది, మరొకటి వదులైనది. ఇంజను వైపు వచ్చే వరుస బిగువుది, ఇంజను నుంచి పోయే వరుస వదులుది. చదును బెల్టులో వదులు వరుస పైన ఉంటే అది కొంచెం కిందికి వేలాడి రెండు పుల్లీలనూ మరింతగా చుట్టుకుంటుంది. వదులు వరుస కింద ఉంటే వేలాడి పుల్లీల నుంచి దూరమవుతుంది, పట్టు పోతుంది. పట్టు పోతే బెల్టు జారుతుంది. జారితే గుగ్గిలం పొడి పట్టుకొని ఎవరో ఒకరు వస్తారు. అందుకని తమ్ముడికి ఫోను చేసి ఒకటే అడిగాను: "ఇంజను తిరిగేటప్పుడు చక్రపు పైఅంచు ఎటు పోతుంది?" అది ఎటు పోతుందో జనరేటరు ఆ పక్కనే ఉండాలి. "బడి గోడ వైపు పోతుంది అన్నయ్యా," అన్నాడు. కాగితంలో జనరేటరు దానికి ఎదురు పక్కన ఉంది.

సోమవారం సిమెంటు పోయలేదు. పునాది గీతను పావు చుట్టు తిప్పాము. తలుపు తూర్పున ఉంది గనుక ఇంజను ఇరుసును తూర్పు పడమరలుగా ఉంచి, చక్రాల తలాన్ని ఉత్తర దక్షిణాల గోడల వైపు తిప్పాము. ఆ రెండు గోడలకూ తలుపులు గాని కిటికీలు గాని లేవు. హ్యాండిలు తగిలించే కొస తలుపు వైపున, బెల్టు వేసే చక్రం అవతలి కొసన. చక్రపు పైఅంచు ఇప్పుడు ఉత్తరానికి పోతుంది గనుక జనరేటరు ఉత్తరాన. హ్యాండిలు తిప్పే మనిషి తలుపులోంచి వచ్చి అక్కడే నిలబడతాడు. చక్రాలు గాని బెల్టు గాని అతనికి ఎదురుగా ఉండవు. నూనె పంపు మీటకు ఒక ఇనుప తీగ కట్టి తలుపు పక్కకు తెచ్చాము. బయట నిలిచి లాగినా ఇంజను ఆగుతుంది. స్విచ్చుల బోర్డు కూడా తలుపు పక్క గోడకే. నూనె పీపా బయట, వేరే నీడలో.

ఇంజనూ జనరేటరూ రెండూ ఒకే పునాది మీద ఉండాలన్నది చర్చకు తావులేని మాట. నాలుగు ఘాతాల ఏక సిలిండరు ఇంజను రెండు చుట్లకు ఒక్కసారే శక్తినిస్తుంది. అంటే 650 చుట్లలో 325 తాపులు, సెకనుకు అయిదున్నర. ఆ తాపుకు ఇంజను ఒకవిధంగానూ, వేరే దిమ్మ మీది జనరేటరు మరొక విధంగానూ ఊగితే బెల్టు బిగువు క్షణక్షణం మారి అతుకు దగ్గర తెగుతుంది. పాత తంతు బల్బుల వెలుగు ఇంజను గుండెచప్పుడుతో పాటు వణికేది ఆ తాపు వల్లనే. జనరేటరు కింద గాడులున్న ఇనుప పట్టాలు రెండు వేసి, బోల్టు తిప్పితే అది ముందుకూ వెనక్కూ జరిగేలా అమర్చుకోవాలి. రెండు పుల్లీల ముఖాలూ సరిగా ఉన్నవో లేదో తెలుసుకోవడానికి దారాన్ని మించిన పరికరం లేదు. చక్రపు ముఖానికీ పుల్లీ ముఖానికీ అడ్డంగా దారం బిగించి పట్టుకుంటే, రెంటి వెడల్పూ ఒకటే అయినప్పుడు, నాలుగు చోట్లా తాకాలి. జనరేటరు పుల్లీ మధ్యలో కొద్దిగా ఉబ్బుగా ఉంటే బెల్టు తనంతట తానే నడిమికి చేరుతుంది.

కంచె విషయంలో భారతదేశపు చట్టం స్పష్టంగానే చెప్పింది. 1948 నాటి కర్మాగారాల చట్టం, 21వ విభాగం, ఇంజను కదిలే భాగాలకూ దానికి తగిలించిన బరువు చక్రానికీ గట్టి కంచె ఉండి తీరాలనేది. కదిలే యంత్రాల దగ్గర పనిచేసేవాడు బిగుతు దుస్తులు వేసుకోవాలని 22వ విభాగం చెప్పేది. అమెరికాలో పని స్థలాల నిబంధనలు నేల నుంచి ఏడడుగుల లోపు ఉన్న చక్రాలకూ బెల్టులకూ కాపు ఉండాలంటాయి. అయితే ఊరి బడి వెనుక షెడ్డుకు ఏ తనిఖీదారూ రాడు. తుపాను రాత్రి అక్కడ ఉండేది బిగుతు దుస్తుల కార్మికులు కారు. తడిసిన చీర కొంగులు, లుంగీలు, జడలు విప్పుకొని ఆరబెట్టుకునే ఆడపిల్లలు, నిద్రరాని పసివాళ్లు. ఇంజను దగ్గర వెచ్చగా ఉంటుంది, వెలుతురు ఉంటుంది. జనం అక్కడికే చేరతారు.

కంచెలు లేక ప్రమాదాలు జరుగుతాయని అందరూ అంటారు. నేను చూసినంతలో కంచె ఉండి, దానిని ఊడదీయవలసి వచ్చినందువల్ల జరుగుతాయి. బెల్టు బిగించాలంటే కంచె తీయాలి, నూనె వేయాలంటే కంచె తీయాలి; మూడోసారికి అది గోడకు ఆనుతుంది. కనుక జనరేటరును జరిపే బోల్టు తల కంచె బయటికి వచ్చేటట్లు చేయించాము. బేరింగులకు గ్రీజు గొట్టాలు బయటికి తెచ్చాము. బెల్టు ఎలా ఉందో చూడడానికి జల్లెడ చాలు, అయితే పిల్లవాడి వేలు కూడా దూరనంత సన్నని జల్లెడ. కంచెను జనరేటరుకు కాక నేలకు బిగించాము. జనరేటరు జరిగినా అది జరగదు. ఇంత చేసినా లోపల చేయి పెట్టవలసిన రోజు వస్తుంది. అప్పుడు ఇంజను ఆపి, నూనె మూసి, సిలిండరులో ఒత్తిడి నిలవకుండా చేసే పైమీటను ఎత్తి ఉంచాలి. ఆగిపోయిందనుకున్న చక్రం చివరి క్షణంలో సిలిండరులోని గాలి ఒత్తిడికి తగిలి వెనక్కు ఒక తాపు తిరుగుతుందని చాలామందికి తెలియదు. వేళ్లు పోయేది తరచు ఆ వెనుక తిరుగుడులోనే.

పొగ గొట్టం గురించి తమ్ముడు, "సముద్రపు గాలి ఇటు నుంచి వస్తుంది గనుక అటు పెడదాం," అన్నాడు. మామూలు రోజుల్లో అది నిజమే. కాని మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. తుపాను కదిలిపోతున్న కొద్దీ ఊరిలో గాలి దిక్కు మారిపోతుంది. సాయంత్రం బడికి దూరంగా పోయిన పొగ అర్ధరాత్రి తరగతి గదిలోకి రావచ్చు. డీజిలు పొగలో కార్బన్ మోనాక్సైడు పెట్రోలు పొగలో కన్నా తక్కువే గాని, మూసిన గదిలో నిద్రపోయేవారికి ఆ తక్కువ చాలు. గొట్టాన్ని కప్పును మించి ఎత్తుకు లేపి, వాన పడకుండా రేకు మూత పెట్టించాము. షెడ్డుకు పైనా కిందా గాలి కంతలు వదిలాము. జనరేటరు తన చల్లగాలిని ఇంజను వేడిలోంచి పీల్చుకోకూడదు గదా.

ఇంకొక్క సంగతి, స్థలానికి సంబంధించినది కాకపోయినా విడిచిపెట్టలేనిది. జనరేటరు తీగను బడి మీటరు దగ్గర ఏదో ఒక ప్లగ్గులో గుచ్చి 'అయిపోయింది' అనేవారు ఉన్నారు. ఆ కరెంటు వెనక్కు పోయి వీధిలోని ట్రాన్స్‌ఫార్మరులో 11 వేల వోల్టులుగా మారుతుంది. తుపాను తరువాత తెగిన తీగలు ముడివేయడానికి స్తంభమెక్కిన లైన్‌మన్ ఆ తీగ చచ్చినదే అనుకొని పట్టుకుంటాడు. ఊరి లైనో, జనరేటరో, ఏదో ఒకటే బడికి తగిలేలా చేసే మార్పు స్విచ్చు తప్పనిసరి. ఎర్తు కడ్డీ అంతే తప్పనిసరి. ఈ రెండింటికీ అయ్యే ఖర్చు బెల్టు ఖరీదుతో పోల్చదగినదే.

ఆరు గుర్రాల ఇంజను నుంచి నిలకడగా మూడు కిలోవాట్లకు మించి ఆశించరాదు. బడి దీపాలకు, చిన్న నీటి మోటారుకు, అందరి సెల్‌ఫోన్లకు అది సరిపోతుంది.

కంచెను ఎవరి చేత చేయించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. ఊరిలో వెల్డింగు దుకాణం ఉన్నది ఒక్కరికే, డ్రైవరు మావయ్య కొడుకుకి. నా ఈడువాడు. "నువ్వే అడుగు అన్నయ్యా," అన్నాడు. నేనే ఫోను చేశాను. కొలతలు చెబుతుంటే అతను మధ్యలో ఆపి, "బోల్టు బయటికి రావాలంటున్నావు, అంతేగా? జల్లెడ తలుపుకు కీలు పెట్టను. ఊడదీయాలంటే ఎనిమిది నట్లు విప్పాలి. విసుగేసి ఎవడూ విప్పడు," అన్నాడు. కూలి తీసుకోనన్నాడు. తీసుకోక తప్పదని నేను పట్టుబట్టాను.

సెప్టెంబరులో మొదటిసారి నడిపి చూశారు. బరువేమీ వేయనప్పుడు 51 ఆవర్తనాలు, దీపాలన్నీ వేశాక 50కి ఒక వెంట్రుక తక్కువ. తమ్ముడు పంపిన ఫోటోలో పసుపు రంగు వేసిన పంజరం, దాని పక్కన పైకి వచ్చిన బోల్టు తల, తలుపు దగ్గర వేలాడుతున్న ఇనుప తీగ కనబడుతున్నాయి. ఆ తీగ కొసకు ఎవరో ఎర్ర గుడ్డ కట్టారు.